ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్ (1869–1940)

అమెరికాలోని బోస్టన్‌కు చెందిన శస్త్రవైద్యుడు. భుజం కీలుపై 1934లో వెలువరించిన గ్రంథంతో ఎముకల వైద్యంలో పేరుపొందినా, ఆయన అసలు కృషి ఆరోగ్య విధానంలోనే ఉందనాలి. చికిత్స పొందిన ప్రతి రోగినీ ఏళ్ల తరబడి గమనించి ఫలితం రాసిపెట్టాలని, బాగుపడకపోతే ఎందుకో తేల్చాలని ఆయన పట్టుబట్టారు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పదోన్నతులకు సీనియారిటీ కొలమానం కాకూడదని వాదించి 1914లో రాజీనామా చేశారు. తాను నెలకొల్పిన చిన్న ఆసుపత్రిలో 1911–1916 మధ్య డిశ్చార్జి అయిన 337 మంది విషయంలో 123 పొరపాట్లను గుర్తించి అచ్చు వేయించారు. పేరుప్రతిష్ఠలే బతుకుతెరువైన వృత్తిలో అది సామాన్యమైన తెగువ కాదు.

ఫలితాలు బయటపెడితే వైద్యులు కష్టమైన కేసులను వదిలించుకుంటారన్న అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే కాడ్‌మన్ అంకెతో ఆగలేదు. లోపం నైపుణ్యానిదా, నిర్ణయానిదా, రోగ నిర్ధారణదా, పరికరాలదా అని విడదీశారు, రోగం తీవ్రతను, రోగి నిరాకరణను వేరుగా చూపారు. అలా విడదీస్తే నయంకాని జబ్బు వైద్యుడి నెత్తిన పడదు. నేర్చుకునే విద్యార్థికి మాత్రం ప్రతి వైఫల్యమూ పాఠమవుతుంది. 1920లో ఆయన మొదలుపెట్టిన ఎముకల క్యాన్సర్ రిజిస్ట్రీకీ ఆధారం ప్రతి రోగి ఫలితాన్నీ రాసిపెట్టే ఈ పద్ధతే. విడివిడిగా అరుదైన ఆ కేసులు ఒకచోట చేరితేనే పోల్చి చూడటం సాధ్యం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1918లో ఆరంభించిన ఆసుపత్రుల తనిఖీలకు, ఆసుపత్రులకు గుర్తింపునిచ్చేందుకు 1951లో ఏర్పడిన జాయింట్ కమిషన్‌కు మూలం కూడా ఆయన ఆలోచనల్లోనే ఉంది.