మితన్నీ రాజ్యం

మితన్నీ క్రీ.పూ. 16వ శతాబ్దం చివరి నుంచి 14వ శతాబ్దం దాకా ఉత్తర మెసొపొటేమియాను ఏలిన రాజ్యం. ఇప్పటి సిరియా ఈశాన్య భాగం, ఇరాక్ ఉత్తర భాగం, టర్కీ ఆగ్నేయపు అంచు దాని నేల. యూఫ్రటీస్‌కు ఉపనది అయిన ఖాబూర్ లోయ దానికి నడిబొడ్డు. రాజధాని వషుకన్ని. సిరియాలోని తెల్ ఫెఖెరియె దిబ్బే ఆ నగరమని చాలామంది పండితుల అభిప్రాయం. ఈ దేశాన్ని ఈజిప్టువాళ్లు నహరిన్ అన్నారు, అస్సీరియన్లు హనిగల్బత్ అన్నారు. మితన్నీ రాజులు తమ చరిత్రను తాము చెప్పుకున్న శాసనాలు దొరకలేదు. మనకు తెలిసిందంతా దాదాపుగా ఇరుగుపొరుగు రాజ్యాల దస్తరాల్లోంచి ఏరుకున్నదే.

ప్రజల్లో ఎక్కువమంది హుర్రియన్లు. వాళ్ల భాష అటు సెమిటిక్ కుటుంబానికీ ఇటు ఇండో-యూరోపియన్ కుటుంబానికీ చెందదు. మాట చివర ప్రత్యయాలు వరసగా అతుక్కుంటూ పోయే భాష అది. తెలుగు పాఠకుడికి ఆ పద్ధతి పరిచయమైనట్టే అనిపిస్తుంది, చుట్టరికం మాత్రం లేదు. వాళ్ల పెద్దదేవుడు ఉరుముల తెషుబ్, పెద్ద దేవత షౌష్క.

అయితే రాజుల పేర్లు వేరే కథ చెబుతాయి. అర్తతమ, తుష్‌రత్త వంటివి ప్రాచీన ఇండో-ఆర్య పేర్లు. అర్త అంటే ఋతం. తుష్‌రత్తలో ఉన్నది రథం. రథమెక్కి పోరాడే యోధులను మరియన్ను అన్నారు. యువకుడనే అర్థమున్న వైదిక పదం 'మర్య'తో దీన్ని చాలామంది ముడిపెడతారు. ఇప్పటి టర్కీలో ఉన్న హిట్టైట్ల రాజధాని హత్తుషా తవ్వకాల్లో దొరికిన ఒక గ్రంథం ఈ సంగతిని ఇంకా స్పష్టం చేసింది. మితన్నీకి చెందిన కిక్కులి అనే గుర్రాల శిక్షకుడు చెప్పిన పాఠం అది. నెలల తరబడి గుర్రాన్ని ఎప్పుడు పరుగెత్తించాలో, ఎప్పుడు మేపాలో, ఎప్పుడు కడగాలో రోజువారీగా ఉంటుంది. రాసింది హిట్టైట్ భాషలో. చుట్ల లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఐక, తెర, పంజ, సత్త అన్న అంకెలు వస్తాయి. చుట్టు అనడానికి వాడిన 'వర్తన్న' మన ఆవర్తనంలోని మాటే.

1906లో హ్యూగో వింక్లర్ మొదలుపెట్టిన ఆ తవ్వకాల్లోనే హిట్టైట్ రాజు సుప్పిలులియుమకూ మితన్నీ రాజు షత్తివజకూ మధ్య కుదిరిన సంధి పలకలు బయటపడ్డాయి. సాక్షులుగా పిలిచిన దేవతల్లో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లున్నాయి. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మితన్నీని భారతీయ సామ్రాజ్యం అనేవాళ్లున్నారు. అది తొందరపాటు. అదే జాబితాలో తెషుబ్ మొదలు హుర్రియన్ దేవతలు ఎందరో ఉన్నారు. ఈ పేర్లు తెచ్చిన చిన్న వర్గం ఒకప్పుడు వచ్చి హుర్రియన్లలో కలిసిపోయి ఉండాలి. పేర్లు, దేవుళ్లు, గుర్రాల మాటలు మిగిలాయి. మనకు తెలిసిన దేవుళ్లను చూసిన సంబరంలో ఆ నేల మీద బతికిన హుర్రియన్లను మరిచిపోతే అన్యాయమే.

ఈజిప్టు రాజు 3వ తుత్‌మోస్ యూఫ్రటీస్ దాటి వచ్చి మితన్నీతో యుద్ధం చేశాడు. రెండు తరాలు తిరిగేసరికి ఆ వైరం వియ్యమైంది. అర్తతమ కూతుర్ని 4వ తుత్‌మోస్ అడిగితే, ఏడోసారి అడిగాక గాని తండ్రి ఒప్పుకోలేదట. తర్వాత షుత్తర్న కూతురు గిలుహేపా 3వ అమెన్‌హోతెప్‌కు భార్యగా వెళ్లినప్పుడు 317 మంది స్త్రీలు ఆమె వెంట వెళ్లారని ఆ ఫారో వేయించిన శిలాముద్రికలే చెబుతున్నాయి.

1887లో ఈజిప్టులోని అమార్నాలో దొరికిన మట్టిపలకల్లో షుత్తర్న కొడుకు తుష్‌రత్త రాసిన ఉత్తరాలున్నాయి. వాటిలో ఒకటి దాదాపు 500 పంక్తుల హుర్రియన్ లేఖ. ఆ భాష మనకు అర్థం కావడానికి ముఖ్య ఆధారం అదే. ఈ ఉత్తరాల్లో తుష్‌రత్త మనిషిగా కనిపిస్తాడు. అన్నను చంపినవాళ్లను తాను చంపానంటాడు. అల్లుడైన 3వ అమెన్‌హోతెప్‌కు నినెవె నుంచి షౌష్క విగ్రహాన్ని పంపుతాడు. ఆ అల్లుడికి కూతురు తాదుహేపాను ఇచ్చాక, అతను మాట ఇచ్చిన పోత బంగారు విగ్రహాలకు బదులు అతని కొడుకు అఖెనాతెన్ బంగారు రేకు తొడిగిన కొయ్య బొమ్మలు పంపాడని మళ్లీ మళ్లీ వాపోతాడు.

ఆ బంగారం రాలేదు, హిట్టైట్ల సేన వచ్చింది. సుప్పిలులియుమ వషుకన్నిని కొల్లగొట్టాడు. తుష్‌రత్త కొడుకు చేతిలోనే చచ్చాడు. మరో కొడుకు షత్తివజ పారిపోయి, శత్రువునే శరణు కోరి, అతని కూతుర్ని పెళ్లాడి సామంతుడిగా గద్దెనెక్కాడు. పైన చెప్పిన సంధి అప్పటిదే. మిగిలిన ముక్కను క్రీ.పూ. 13వ శతాబ్దంలో అస్సీరియా మింగేసింది.

ఇరాక్‌లో మోసుల్ ఆనకట్ట జలాశయం కరువుకు తగ్గినప్పుడు, కెమూనె దగ్గర మితన్నీ కాలపు రాజభవనం ఒకటి బయటపడింది. 2018లో దాన్ని తవ్వారు. 2022 మొదట్లో చుట్టూ ఉన్న పట్టణం కూడా తేలింది. కుర్దిష్, జర్మన్ పురాతత్వవేత్తలు హడావుడిగా తవ్వి, గోడలకు ప్లాస్టిక్ పట్టాలు కప్పి, పైన కంకర పోశారు. ఆ తర్వాత నీళ్లు మళ్లీ కమ్మేశాయి.