ఇంగల్స్ వారి 160 ఎకరాలు

మే 20 వచ్చిందంటే అమెరికా మైదాన రాష్ట్రాల్లో హోమ్‌స్టెడ్ చట్టాన్ని తలుచుకుంటారు. 1862లో ఆ రోజున, అంతర్యుద్ధం నడుస్తుండగానే, అబ్రహాం లింకన్ దాని మీద సంతకం పెట్టాడు. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవాళ్లు గానీ ఇంటి యజమాని అయినవాళ్లు గానీ ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. ఐదేళ్లు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, దున్ని చూపిస్తే పట్టా వచ్చేది. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. పెళ్లికాని ఆడవాళ్లకు, వితంతువులకు, బానిసత్వం నుంచి బయటపడినవాళ్లకు కూడా అవకాశం ఉండేది. పౌరసత్వం ఉండాలి, లేదా తీసుకుంటామని రాసివ్వాలి. భారతీయులకు పౌరసత్వ అర్హతే లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చడంతో మనవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

చట్టం అమలులో ఉన్న కాలమంతా కలిపి సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇచ్చారు. ఆ దేశపు నేలలో పదోవంతు. ఇన్ని లక్షల పట్టాల్లో ప్రపంచమంతా ఎరిగిన పట్టా ఒకటుంది. అది చార్లెస్ ఇంగల్స్‌ది. ఆయన రెండో కూతురు లారా ముసలితనంలో రాసిన పుస్తకాల వల్లే ఆ పేరు మనదాకా వచ్చింది.

ఇంగల్స్ వంశానికి అమెరికాలో మూలపురుషుడు ఎడ్మండ్ ఇంగల్స్. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ నుంచి వచ్చి, 1629లో మసాచుసెట్స్ తీరాన లిన్ ఊరికి పునాది వేసినవారిలో ఒకడు. ఆ తర్వాతి రెండు శతాబ్దాల్లో ఆ వంశం గురించి చెప్పుకోవడానికి పెళ్లిళ్లు, పుట్టుకలు, చావులు తప్ప పెద్దగా ఏమీ లేవు. చార్లెస్ తాత శామ్యూల్ మాత్రం 1825లో తన పద్యాలను ఒక పుస్తకంగా అచ్చు వేయించుకున్నాడు. నాయనమ్మ మార్గరెట్‌ది డెలనో వంశం, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ డెలనో రూజ్‌వెల్ట్ తల్లి పుట్టింటి వంశం. తండ్రి లాన్స్‌ఫర్డ్ న్యూయార్క్ నుంచి ఇల్లినాయ్‌కీ, అక్కడి నుంచి విస్కాన్సిన్‌కీ పిల్లలతో తరలిపోయి, చివరికి అప్పుల్లో భూమి పోగొట్టుకున్నాడు. విస్కాన్సిన్‌లో ఇంగల్స్ వాళ్లకూ క్వైనర్ వాళ్లకూ మూడు సంబంధాలు కలిశాయి. ఒకరి ఆడపిల్ల అటు, వారి ఆడపిల్లలు ఇటు, అచ్చం మన కుండమార్పిడి. వాటిలో ఒకటి 1860లో జరిగిన చార్లెస్, కరోలైన్‌ల పెళ్లి. కరోలైన్ తండ్రి మిషిగన్ సరస్సులో ఓడ మునిగి పోయినప్పుడు ఆమెకు ఆరేళ్లు కూడా నిండలేదు. ఆకలి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికంటే ముందు తెలిసినది ఆమెకే. ఆ తర్వాత జరిగినదంతా చదివేటప్పుడు ఈ సంగతి నేను మరచిపోలేను.

లారా 1867 ఫిబ్రవరి 7న విస్కాన్సిన్‌లో పెపిన్ దగ్గరి అడవిలో పుట్టింది. రెండేళ్లకు కుటుంబం కాన్సాస్ చేరింది. అక్కడ చార్లెస్ ఇల్లు కట్టిన చోటు ఓసేజ్ అనే ఆదివాసీ జాతి వారి రిజర్వు భూమి. ఆయనకు అక్కడ ఏ హక్కూ లేదు. తమ నేలలో దిగి దుంగల ఇళ్లు కడుతున్న తెల్లవాళ్లను చూస్తూ ఓసేజ్‌లు పడిన బాధ లారా పుస్తకంలో ఆమెకే తెలియకుండా కొన్నిచోట్ల బయటపడుతుంది. ఇంటిల్లిపాదికీ చలిజ్వరం పట్టుకున్నప్పుడు మందిచ్చి బతికించింది జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు. 1871లో వాళ్లు తిరిగి విస్కాన్సిన్‌కు వచ్చేశారు. ఆ తర్వాత మినసోటాలో వాల్‌నట్ గ్రోవ్. అక్కడ వరసగా మిడతల దండు. పంట పోయి, తూర్పున కోత కూలి దొరుకుతుందని చార్లెస్ వందల మైళ్లు కాలినడకన వెళ్లాడు. ఒక్కగానొక్క కొడుకు తొమ్మిది నెలలకే పోయాడు. అయోవాలో ఒక హోటల్లో పని. మళ్లీ వాల్‌నట్ గ్రోవ్. 1879లో పెద్ద కూతురు మేరీకి జ్వరమొచ్చి చూపు పోయింది. మెదడుకు సోకిన వైరస్ కారణమై ఉంటుందని నేటి వైద్యులు అంటున్నారు. ఆ ఏడే చార్లెస్ రైల్వే పనిలో చేరి డకోటా వెళ్లాడు. 1880 ఫిబ్రవరిలో 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టాడు. పక్కనే రైలు కంపెనీ డి స్మెట్ అనే ఊరు వేస్తోంది.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ఊళ్లో ఆ ఏడు వచ్చిన చలికాలం.

1880 అక్టోబరు 15న మొదటి మంచు తుఫాను విరుచుకుపడింది. ఆకులు రాలే కాలం ఇంకా పూర్తికాలేదు. పొలంలో పలకల పాక చలికి ఆగదని గ్రహించి, చార్లెస్ కుటుంబాన్ని ఊళ్లో తాను కట్టుకున్న దుకాణం ఇంట్లోకి మార్చాడు. అక్కడి నుంచి ఏప్రిల్ దాకా తుఫాను వెంట తుఫాను. మధ్యలో ఒకటి రెండు రోజులు తెరిపి, ఆ వెంటనే మళ్లీ గాలి. లారా చిన్నప్పటి జ్ఞాపకాన్ని పెంచి చెప్పిందేమోనని అనుమానించినవాళ్లున్నారు. నాటి రికార్డులు తిరగేసిన వాతావరణ శాస్త్రవేత్తలు అది నిజంగానే అసాధారణ చలికాలమని తేల్చారు.

ఊరు కొత్తది, చుట్టూ గడ్డి మైదానం, కొట్టుకోవడానికి చెట్టు లేదు. బొగ్గు, పిండి, కిరసనాయిలు, మాంసం అన్నీ తూర్పు నుంచి రైల్లో రావాల్సిందే. రైలు కోసం చిన్న గుట్టలను తవ్వి మధ్యలోంచి దారి తీశారు. గాలికి కొట్టుకొచ్చిన మంచు ఆ కోతల్లో నిండేది. వందల మంది కూలీలు పారలతో తీసి రెండు వైపులా పోసేవారు. దాంతో ఒడ్డు మరింత ఎత్తయ్యేది, తర్వాతి తుఫానుకు ఆ ఎత్తు దాకా మళ్లీ నిండేది. ఎంత తవ్వితే అంత లోతుగా పూడుకుపోయే ఆ కోత ముందు రైల్వే చేతులెత్తేసింది. జనవరిలో రైళ్లు ఆగాయి. మళ్లీ రైలు వచ్చింది మే నెలలో.

బొగ్గు అయిపోయింది. బడి మూతపడింది. చార్లెస్ వేసవిలో కోసి కుప్పవేసిన బోదగడ్డిని తెరిపి రోజుల్లో స్లెడ్జి మీద తెచ్చేవాడు. గడ్డిని అలాగే పొయ్యిలో వేస్తే క్షణంలో భగ్గుమని ఆరిపోతుంది. అందుకని వరిగడ్డితో మనవాళ్లు వెంటి పేనినట్టు దాన్ని గట్టిగా మెలిపెట్టి, మధ్యకు మడిచి, కట్టెల్లా చేసేవారు. ఒక కట్టె కాలేలోపు ఇంకోటి సిద్ధంగా ఉండాలి. గడ్డి కోసుకుపోయి చేతులు చీలికలయ్యేవి. పద్నాలుగేళ్లయినా నిండని లారా తండ్రి పక్కన కూర్చుని రోజంతా అదే పని చేసింది. వేళ్లు బిగుసుకుపోయి చార్లెస్ ఫిడేలు వాయించలేకపోయాడు. ఆ ఇంట్లో ఏ కష్టంలోనూ ఆగని ఫిడేలు అది.

పిండి అయిపోయింది. మిగిలింది గోధుమలు. వాటిని కాఫీ గింజలు విసిరే చిన్న మరలో పోసి తిప్పితే ముతక పిండి వచ్చేది. మర గిన్నె చిన్నది. ఒక్క రొట్టెకు సరిపడా పిండి రావాలంటే గంటల తరబడి ఎవరో ఒకరు తిప్పుతూనే ఉండాలి. కళ్లు లేని మేరీ కూడా తన వంతు తిప్పింది. చూపు అక్కర్లేని పని కదా, ఆమె చేతికి అందరికంటే బాగా అలవాటైంది. కిరసనాయిలు అయిపోతే కరోలైన్ బండి ఇరుసుకు పూసే కొవ్వులో, గుడ్డ చుట్టిన బొత్తాన్ని వత్తిగా పెట్టి దీపం చేసింది. ఆరేళ్లు నిండకముందే తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఇంటి ఇల్లాలై నేర్చిన విద్య అది.

చివరికి గోధుమలూ అడుగంటాయి. ఊరికి దూరంగా ఎవరో రైతు దగ్గర గోధుమలున్నాయని వదంతి. అల్మాంజో వైల్డర్ అనే యువకుడు, క్యాప్ గార్లండ్ అనే ఇంకో కుర్రాడు రెండు స్లెడ్జీలతో బయలుదేరారు. దారంతా చిత్తడి నేలలు. అక్కడ నిలువెత్తు గడ్డి మీద మంచు కప్పులా పేరుకుని, లోపల డొల్లగా ఉండేది. గుర్రం కాలు మోపగానే కూలి, మెడ లోతుకు దిగబడేది. ఆ చలిలో మంచు తవ్వి గుర్రాన్ని బయటికి నడిపించాలి, మళ్లీ కట్టాలి. రైతును ఒప్పించి, బస్తాలు వేసుకుని, తుఫాను విరుచుకుపడే వేళకు ఊరు చేరారు.

ఈ చలికాలం మీద లారా రాసిన నవల ‘ద లాంగ్ వింటర్’ ప్రకారం ఆ గోధుమలను బుషెల్‌కు డాలరుంబావు చొప్పున కొన్నారు. డబ్బు పెట్టిన దుకాణదారు వాటిని మూడు డాలర్లకు అమ్మబోయాడు. ఊరి మగవాళ్లంతా వెళ్లి, చలికాలం తర్వాత కూడా నువ్వు ఇక్కడే వ్యాపారం చేయాలి కదా అని నచ్చజెప్పి, కొన్న ధరకే ఇప్పించారు. ప్రాణాలకు తెగించి తెచ్చిన కుర్రాళ్లు బాడుగ తీసుకోలేదు. ఆ అల్మాంజోనే తన విత్తనాల గోధుమలను గోడలో దాచాడని, చార్లెస్ అది కనిపెట్టి వెళ్లి అడిగి తీసుకెళ్లాడని కూడా నవల చెబుతుంది. విత్తనాల గింజ ముట్టుకోకూడదన్నది రైతుకు ప్రాణంతో సమానమైన నియమం. పక్కింటి పిల్లల ఆకలి ముందు ఆ యువకుడు దాన్ని సడలించాడు. ఈ ఘట్టం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

నవలలో లేని సంగతి ఒకటుంది. ఆ చలికాలమంతా ఇంగల్స్ ఇంట్లో జార్జ్ మాస్టర్స్ అనే పరిచయస్తుడు, అతని భార్య మ్యాగీ కూడా ఉన్నారు. మ్యాగీ కాన్పు ఆ ఇంట్లోనే జరిగింది. లారా 1930లో రాసిన ఆత్మకథ ‘పయనీర్ గర్ల్’లో వీళ్లున్నారు. జార్జ్ పనికి వెనక, పంక్తికి ముందు ఉండేవాడన్న కోపం అందులో కనిపిస్తుంది. ఆ రాతప్రతి 2014 దాకా అచ్చు కాలేదు. 1940లో వచ్చిన ‘ద లాంగ్ వింటర్’లో మాత్రం ఒక్క కుటుంబమే ఒంటరిగా చలితో పోరాడుతుంది. కథగా అది బలమైనదే. కానీ గడ్డి మంట చుట్టూ బాలింత, పసిబిడ్డ, నచ్చని అతిథి, వాళ్లందరికీ కొలిచి రొట్టె పంచే ఇల్లాలు ఉన్న ఇల్లు నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

1886లో చార్లెస్‌కు పట్టాకు కావలసిన సాక్ష్యాలు పూర్తయ్యాయి. కొద్దికాలానికే పొలం వదిలి ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు, 1892లో భూమి అమ్మేశాడు. పన్నెండేళ్ల శ్రమ అలా ముగిసింది. భార్యకూ నలుగురు కూతుళ్లకూ తలా ఒకటిగా నాటిన కాటన్‌వుడ్ చెట్లలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

లారా 1885లో అల్మాంజోను పెళ్లాడింది. కరువు, అప్పు, ఇద్దరికీ డిఫ్తీరియా. ఆ జబ్బు తర్వాత అతని కాళ్లు పూర్తిగా కోలుకోలేదు. కొడుకు పుట్టి, పేరు పెట్టకముందే పోయాడు. అదే నెలలో ఇల్లు తగలబడింది. 1894లో వాళ్లు బండి కట్టుకుని మిజోరీలోని మాన్స్‌ఫీల్డ్‌కు వెళ్లిపోయారు. అక్కడి భూమి డబ్బు పెట్టి కొన్నది. జీవితాంతం నిలిచింది కూడా అదే.

మూడో తరానికి వచ్చేసరికి కథ నా చేతిలోంచి జారిపోతుంది. వాళ్ల కూతురు రోజ్ వైల్డర్ లేన్ పేరున్న పత్రికా రచయిత్రి. తల్లికి 65 ఏళ్లప్పుడు, 1932లో, మొదటి పుస్తకం వచ్చింది. తల్లి రాతప్రతులను దిద్దింది రోజ్. ఎంత దిద్దిందన్న వాదన ఇంకా తెగలేదు. రూజ్‌వెల్ట్ సంక్షేమ కార్యక్రమాలను ఆమె తీవ్రంగా వ్యతిరేకించింది. మనిషి తన కాళ్ల మీద తానే నిలబడాలన్న ఆమె సిద్ధాంతానికి ఈ కుటుంబ కథే నిదర్శనమైంది. ఆమె ధైర్యం మీద నాకు గౌరవముంది. 78 ఏళ్ల వయసులో విలేఖరిగా వియత్నాం వెళ్లిన మనిషి. కానీ ఆ చలికాలం చదివితే నాకు ఆ సిద్ధాంతం కనిపించదు. ప్రభుత్వమిచ్చిన భూమి, రైల్వే ఇచ్చిన జీతం, పొరుగువాడి విత్తనాలు, కొన్న ధరకే పంచుకున్న బస్తాలు కనిపిస్తాయి. వాటన్నిటి కిందా ఇంకొకరి నుంచి తీసుకున్న నేల ఉంది. కాన్సాస్ రోజుల మీద లారా రాసిన పుస్తకం మొదటి ముద్రణల్లో, ఆ ప్రాంతంలో మనుషులే లేరు, ఇండియన్లు (అక్కడి ఆదివాసులు) మాత్రమే ఉన్నారన్న అర్థం వచ్చే వాక్యం ఉండేది. ఒక పాఠకురాలి అభ్యంతరంతో 1953లో దాన్ని మార్చారు. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘంలోని ఒక శాఖ తన పురస్కారానికి ఉన్న లారా పేరును తీసేసింది. ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. పుస్తకాలు మాత్రం అలమరలోంచి తీసేయకూడదు.

లారా 1957లో, 90వ పుట్టినరోజు దాటిన మూడు రోజులకు కన్నుమూసింది. రోజ్ 1968లో పోయింది. మేరీ, క్యారీ, గ్రేస్‌లకు పిల్లలు లేరు. చార్లెస్, కరోలైన్‌ల వంశంలో ఇవాళ ఒక్కరూ లేరు. రోజ్ ఆస్తి ఆమెకు మనవడిలాంటి రోజర్ మెక్‌బ్రైడ్‌కు వెళ్లింది. అతను 1976లో లిబర్టేరియన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. అలాస్కాలో తప్ప మిగతా దేశంలో హోమ్‌స్టెడ్ చట్టం రద్దయింది కూడా ఆ ఏడే. పుస్తకాల హక్కులు రోజ్ తర్వాత తమకు రావాలని లారా వీలునామాలో రాసిందంటూ, మెక్‌బ్రైడ్ పోయాక మాన్స్‌ఫీల్డ్ లైబ్రరీ వాళ్లు కోర్టుకెక్కారు. కేసు రాజీతో ముగిసింది, హక్కులు మెక్‌బ్రైడ్ వారసుల దగ్గరే ఉన్నాయి.

చదవాలనుకునేవారు ‘ద లాంగ్ వింటర్’తో మొదలుపెట్టండి. ఆ వెంటనే లూయీస్ ఎర్డ్రిక్ రాసిన ‘ద బర్చ్‌బార్క్ హౌస్’ కూడా తీసుకోండి. 1847లో సుపీరియర్ సరస్సు ద్వీపంలో పెరిగే ఒజిబ్వే పిల్ల ఒమకయాస్ కథ అది. ఆమె ఇంట్లోనూ ఒక భయంకరమైన చలికాలం వస్తుంది, తెల్లవాళ్లు తెచ్చిన మశూచితో కలిసి.