పన్నెండు నుంచి ఎనిమిదికి: హైవే ఊళ్ల ప్రమాదాల లెక్క ఎంతవరకు నమ్మొచ్చు?

ఏటా డిసెంబరు ఆఖర్లో జిల్లా పోలీసు కార్యాలయాలు వార్షిక నివేదికలు విడుదల చేస్తాయి. హత్యలు, దొంగతనాలు, సైబర్ నేరాలు అయ్యాక రోడ్డు ప్రమాదాల వంతు వస్తుంది. కిందటేడు ఇన్ని, ఈ ఏడు ఇన్ని, ఇంత శాతం తగ్గాయి అంటారు. మర్నాడు జిల్లా పేజీలో అదే శీర్షికవుతుంది. రాష్ట్రం మొత్తానికో, హైదరాబాదుకో ఈ పోలికలో కొంత అర్థముంది. ముప్పై, నలభై వేల జనాభా ఉన్న ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆ శాతం దాదాపు ఏమీ చెప్పదు. అది ఎందుకు చెప్పదో, ఆ ఊరి లెక్కల నుంచి మరేం తెలుసుకోవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్. 44 మీద జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు. 16 మీద తుని, నక్కపల్లి. హైవే ఊళ్లంటే ఇలాంటివి. పోలికలు చాలామటుకు ఒకటే. దారి వెంట పెరిగిన ఊరు, ఆ తర్వాత దారి నాలుగు వరుసలైంది, మధ్యలో డివైడర్ వచ్చింది. బస్టాండు ఒక పక్కా, కాలేజీ మరో పక్కా పడ్డాయి. షేర్ ఆటోలు జంక్షన్లోనే ఆగుతాయి. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరతాయి. డివైడర్‌లో ఖాళీ దూరంగా ఉంటే పల్లెల నుంచి వచ్చే బైకులూ ట్రాక్టర్లూ రాంగ్ రూట్ పడతాయి.

ఇలాంటి ఒక ఊళ్లో ఏడాదికి సగటున పది ప్రాణాంతక ప్రమాదాలు జరుగుతాయని ఊహిద్దాం. రోడ్డు మారలేదు, రద్దీ మారలేదు, తనిఖీలూ మారలేదు. అయినా ఏటా సరిగ్గా పదే జరగవు. అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే ఘటనలకు గణితంలో పాయిసాన్ పంపిణీ అని ఒకటి వాడతారు. దాని ప్రకారం ఇరవై ఏళ్లలో పందొమ్మిదేళ్లు ఆ సంఖ్య 4కూ 16కూ మధ్య ఎక్కడైనా పడొచ్చు. కిందటేడు 12, ఈ ఏడు 8 అయితే పత్రికలో అది ‘33 శాతం తగ్గుదల’. పై లెక్కలో మాత్రం రెండూ మామూలు సంవత్సరాలే. ఏళ్లను మూడేసి కలిపి చూసినా పెద్దగా తేలదు. మూడేళ్ల మొత్తం 30 నుంచి దాదాపు సగానికి పడితే తప్ప, ఇది యాదృచ్ఛికం కాదని కాస్త ధీమాగా అనలేం. ఒక హెల్మెట్ డ్రైవో, ఒక స్పీడ్ గన్నో ఊరి మరణాలను ఒక్కసారిగా సగానికి దించుతుందని ఆశించడం అత్యాశ. అందువల్ల నిజంగా మేలు జరిగినా సంఖ్యల్లో కనపడకపోవచ్చు, ఏ మేలూ జరగకుండానే జరిగినట్టు కనపడొచ్చు.

ఇక్కడ మరణాలను కాక ప్రాణాంతక ప్రమాదాలను లెక్కపెట్టాలి. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. మరణాల పట్టికలో ఆ ఏడాది కొండలా లేస్తుంది, మరుసటి ఏడాది ఏ చర్యా లేకపోయినా భారీ తగ్గుదల చూపిస్తుంది. ప్రమాదాల పట్టికలో మాత్రం అది ఒకటే గీత. బస్సుల్లో కిక్కిరిసిన జనం, ఘాట్ రోడ్డు నిర్వహణ వేరుగా తేల్చాల్సిన విషయాలు. వాటిని వార్షిక ధోరణిలో కలిపేస్తే రెండూ మసకబారతాయి.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1955లో రోడ్డు ప్రమాదాల్లో 324 మంది చనిపోయారు. అప్పటి గవర్నర్ ఏబ్రహాం రిబికాఫ్ అతివేగంగా నడిపినవారి లైసెన్సులు సస్పెండ్ చేయించడం మొదలుపెట్టాడు. 1956లో మరణాలు 284. నలభై ప్రాణాలు నిలిచాయని, 12.3 శాతం తగ్గాయని ప్రకటించాడు. 1968లో డొనాల్డ్ క్యాంప్‌బెల్, లారెన్స్ రాస్ అనే ఇద్దరు పరిశోధకులు ముందూ వెనకా చాలా ఏళ్ల సంఖ్యలు పేర్చి, ఇరుగుపొరుగు రాష్ట్రాలతో పోల్చి చూశారు. 1955 అసాధారణంగా ఎక్కువ మరణాలు నమోదైన ఏడాది. అలాంటి ఏడాది తర్వాత ఎవరేం చేసినా, చేయకున్నా సంఖ్య సగటు వైపు దిగడమే సహజం. సంఖ్య భయపెట్టినందుకే చర్య మొదలైంది, దిగిన ఘనత ఆ చర్యకే దక్కింది. మొత్తం రాష్ట్రానికి, అదీ మూడు వందల పైచిలుకు మరణాలున్న చోట ఇంత అనుమానం మిగిలితే, పది ప్రమాదాల ఊరి గురించి చెప్పేదేముంది?

మన బ్లాక్ స్పాట్లకూ ఇదే వర్తిస్తుంది. జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల ముక్కలో, మూడు క్యాలెండరు సంవత్సరాల్లో, మరణమో తీవ్రగాయమో అయిన ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. నిర్వచనం స్పష్టంగానే ఉంది. చిక్కల్లా, ఎక్కువ జరిగిన కాలాన్నే పట్టి ఎంచడంలో ఉంది. అలా ఎంచిన చోట్లలో కొన్ని నిజంగా ప్రమాదకరమైనవి, కొన్ని ఆ మూడేళ్లు దురదృష్టం వెంటాడినవి. రెండో రకం చోట రంబుల్ స్ట్రిప్ వేసినా, బ్లింకర్ పెట్టినా, ఏమీ చేయకున్నా మరుసటి మూడేళ్లలో ప్రమాదాలు తగ్గుతాయి. నార్వేకు చెందిన రూన్ ఎల్విక్ 1997లో బ్లాక్ స్పాట్ల మరమ్మతులపై వచ్చిన అధ్యయనాలను సమీక్షించాడు. సగటు వైపు జారడం వంటి పొరపాట్లను ఎంత జాగ్రత్తగా తీసేస్తే, చూపించిన ప్రయోజనం అంత చిన్నదవుతూ వచ్చిందని తేల్చాడు. మరమ్మతులు దండగ అని దీని అర్థం కాదు. ముందూ తర్వాతా సంఖ్యలు రెండూ పక్కపక్కన పెట్టి చప్పట్లు కొట్టడం తొందరపాటు అని మాత్రమే.

ఇంతవరకూ నమోదైన సంఖ్య నిజమే అనుకుని మాట్లాడాం. ఆ అనుకోలుకే ఆధారం బలహీనం.

రాఖీ దండోనా బృందం హైదరాబాదులో చేసిన అధ్యయనం 2008లో ఇంజురీ ప్రివెన్షన్ పత్రికలో అచ్చయింది. జనంలో తిరిగి సేకరించిన వివరాల్లో, ప్రమాదంలో గాయపడి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవారిలో ఐదో వంతు కూడా పోలీసుల దాకా వెళ్లలేదు. బయటి రోగులుగా కట్టు కట్టించుకుని వెళ్లినవారిలో నూటికి రెండు మూడు కేసులే. మరణాల్లో మాత్రం మూడొంతులకు పైగా నమోదయ్యాయి. రాజధాని నగరంలో స్థితి అది. చిన్న ఊళ్లో కాలు విరిగితే పెద్దమనుషుల సమక్షంలో ఖర్చులు మాట్లాడుకుని రాజీ పడటం అందరూ ఎరిగిన సంగతే. అందుకే ఊరి లెక్కలో గాయాల సంఖ్య పెరిగితే వెంటనే కంగారు పడకూడదు. పరిహారం కోసం కేసు కట్టించుకునేవారు పెరిగారేమో, ప్రమాదాల వివరాలు నమోదు చేసేందుకు 2021 నుంచి వాడుకలోకి వచ్చిన ఐరాడ్ యాప్ వల్ల నమోదు మెరుగైందేమో ముందు చూడాలి. దేశం మొత్తమ్మీద 2022లో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు నమోదయ్యాయి, అంటే నూరు ప్రమాదాలకు 36కు పైగా మరణాలు. మన ప్రమాదాలు అంత ఘోరమైనవని కొంత నిజం, చిన్నవి కాగితం మీదికి రావడం లేదని మరికొంత నిజం. ఏది ఎంతో ఆ నిష్పత్తిని చూసి విడదీయలేం.

చనిపోయింది ఎవరు అన్నదానికీ పూచీ లేదు. 2017లో ప్రభుత్వ లెక్క ప్రకారం దేశంలో రోడ్డు మరణాలు 1,47,913, అందులో పాదచారులు 20,457 మంది. అదే ఏడాదికి ప్రపంచ వ్యాధిభారం అధ్యయనం వేసిన అంచనా 2,18,876 మరణాలు, అందులో పాదచారులు 76,729 మంది. రెండోది నమూనాల మీద కట్టిన అంచనా, తలలు లెక్కపెట్టింది కాదు. దాన్నే సత్యమనక్కర్లేదు. అయినా నడిచేవాళ్ల విషయంలో తేడా మూడు రెట్లు దాటిందంటే మన పట్టికల్లో ఎక్కడో పాదచారులు జారిపోతున్నారనే అనుమానం గట్టిది. 2014లో 12,330గా ఉన్న పాదచారుల మరణాలు 2018కి 22,656కు చేరాయి. నడక అంత ప్రమాదకరమైందా, లేక రాసే తీరు కాస్త బాగుపడిందా? హైవే ఊరికి ఇది తేలాల్సిన ప్రశ్న, ఎందుకంటే అక్కడ బస్సు దిగిన ప్రతి మనిషీ రోడ్డు దాటాలి.

కారణాల పట్టిక సంగతీ అంతే. 2022 మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని కేంద్ర నివేదిక చెబుతుంది. స్టేషన్లో కేసు ఎలా పుడుతుందో తెలిసినవారు ఈ శాతాన్ని కొంచెం తగ్గించి చదువుతారు. పాత శిక్షాస్మృతిలో 304ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 106(1) కింద కేసు నిలవాలంటే డ్రైవరు దుడుకుతనమో నిర్లక్ష్యమో ఉండాలి. అందుకే ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాట ఎఫ్ఐఆర్‌లో దాదాపు తప్పనిసరి. అక్కడ వేగాన్ని ఎవరూ కొలవలేదు. వీధిదీపం వెలగకపోవడం, డివైడర్ ఖాళీ దగ్గర చెట్లు అడ్డం రావడం, లారీ వెనక రిఫ్లెక్టర్ లేకుండా ఆగి ఉండటం ఆ వాక్యంలోకి రావు. వేగం ముఖ్యం కాదనడం లేదు. ముఖ్యమే, కానీ దానికి రుజువు ఈ పట్టిక కాదు.

ఇక సరిహద్దుల గొడవ. చాలా ఊళ్లలో టౌన్ స్టేషన్, రూరల్ స్టేషన్ వేరు. బైపాస్ పడితే వేగంగా పోయే బండ్లూ, వాటితో వచ్చే ప్రమాదాలూ రూరల్ పరిధిలోకి వెళతాయి. టౌన్‌లో ప్రమాదాలు తగ్గాయన్న వార్త నిజమే, మనుషులు బతికారో లేదో మాత్రం రెండు స్టేషన్లూ కలిపి చూస్తే గానీ తెలియదు. తెలంగాణలో 2016 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి కాబట్టి జిల్లా వరుసలు అక్కడ తెగుతాయి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చడంతో 9వ నంబరు రహదారి 65 అయింది, 7 పోయి 44 అయింది, 5 పోయి 16 అయింది. పాత ఫైళ్లు తిరగేసేవాళ్లు ఒకే రోడ్డును రెండు పేర్లతో వెతుక్కోవాలి. ఏరియా ఆస్పత్రి నుంచి హైదరాబాదుకు పంపిన మనిషి వారం తర్వాత అక్కడ చనిపోతే, ఆ సమాచారం వెనక్కి వచ్చి సెక్షన్ మారితేనే గాయం కాస్తా మరణంగా లెక్కకెక్కుతుంది.

జనాభాతో భాగించి లక్షకు ఇన్ని అందామంటే చేతిలో ఉన్నది 2011 జనగణన. 2020తో పోల్చి పెరిగాయన్నా చెల్లదు, అది లాక్‌డౌన్ ఏడాది.

ఇన్ని అడ్డంకులున్నాయని చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. చిన్న ఊరి లెక్కకు ‘తగ్గిందా, పెరిగిందా’ అన్న ప్రశ్నకు జవాబిచ్చే శక్తి లేదు. ఏం చేయాలన్న ప్రశ్నకైతే జవాబు ఆ ఊళ్లోనే పుట్టనక్కర్లేదు. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఇవి ఎన్నో అధ్యయనాలు కలిపి తేల్చినవి. నకిరేకల్లో హెల్మెట్ పనిచేస్తుందా అని నకిరేకల్ లెక్కలతో రుజువయ్యేదాకా ఆగడం అర్థం లేని పని. ఊరి లెక్క ఉపయోగపడేది ఎక్కడ, ఎవరికి, ఏ వేళ అన్న మూడు ప్రశ్నలకు. అందుకు ఐదారేళ్ల ఎఫ్ఐఆర్‌లను ఒక మ్యాపు మీద పెట్టాలి. స్టేషన్ రికార్డు ఒక్కటే చాలదు. 108 అంబులెన్స్ మనిషిని ఎక్కించుకున్న చోటు, ఏరియా ఆస్పత్రి మెడికో లీగల్ రిజిస్టరు కూడా కావాలి.

రెండు జాబితాలు దొరికితే, రెంటిలోనూ లేనివారెందరో అంచనా కట్టే ఒక పద్ధతి మన దేశపు సమాచారం మీద రూపుదిద్దుకుంది. బెంగాల్లోని సింగూరు ప్రాంతపు జనన మరణాల నమోదును పరీక్షిస్తూ సి. చంద్రశేఖర్, ఎడ్వర్డ్స్ డెమింగ్ 1949లో దాన్ని ప్రకటించారు. పోలీసు జాబితాలో 40 మంది, ఆస్పత్రి జాబితాలో 60 మంది, రెంటిలోనూ ఉన్నవారు 20 మంది అనుకుందాం. నలభైని అరవైతో గుణించి ఇరవైతో భాగిస్తే 120. అంటే రెండు జాబితాలూ కలిపి పట్టుకున్న 80 మంది కాక మరో 40 మంది ఎక్కడా రాయబడలేదన్నమాట. ఈ లెక్కకు రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారవ్వాలి. మన దగ్గర ఆస్పత్రి సమాచారం ఇస్తేనే పోలీసులు కేసు కట్టడం మామూలు, కాబట్టి రెండూ అతుక్కుని ఉంటాయి. అలా ఉన్నప్పుడు వచ్చే అంచనా అసలు సంఖ్య కన్నా తక్కువే అవుతుంది. 120ని కనీసంగా తీసుకోవాలి.

మరణాల కోసం మూడేళ్లు ఎదురుచూడకుండా కొలవగలిగినవీ ఉన్నాయి. జంక్షన్‌కు రెండు వందల మీటర్ల ముందు బండ్ల వేగం, దేశవ్యాప్తంగా ప్రమాదాల్లో ఐదో వంతు జరిగే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య రోడ్డు దాటేవారి సంఖ్య, హెల్మెట్ పెట్టుకున్న వెనక సీటువాళ్ల శాతం. ఏడాదికి పది ప్రమాదాలు జరిగే చోట గంటకు వందల బండ్లు పోతాయి, కాబట్టి ఒక వారం కొలతకే తేడా తెలుస్తుంది. డివైడర్ ఖాళీ ఒకటి మూసేస్తే ఆ చోట ఢీకొనడాలు తగ్గొచ్చు, అదే రోజు నుంచి పక్క ఊరి బైకులు కిలోమీటరు దూరం రాంగ్ రూట్లో రావడం మొదలూ కావొచ్చు. మూయకముందు ఒక వారం, మూశాక ఒక వారం రాంగ్ రూట్ బండ్లను లెక్కపెట్టి చూస్తే, ఆ ఖాళీని అలాగే మూసి ఉంచాలా, సర్వీసు రోడ్డు వేశాకే మూయాలా అన్నది తేల్చుకోవచ్చు.