సిటీస్: స్కైలైన్స్‌ ఆటలో పెద్ద విమానాశ్రయం కట్టడం ఎలా? ముందు నేల, తర్వాతే రన్‌వే

నగరాలు కట్టే కంప్యూటర్ ఆటల్లో విమానాశ్రయం కట్టే దశకు వచ్చేసరికి చాలామంది ఒకే చోట ఇరుక్కుంటారు. ఊరు అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఖాళీ జాగా ఎక్కడుందా అని వెతికి, దొరికిన చోట రన్‌వేను ఇరికిస్తారు. పది నిమిషాలు గడిచేసరికి రోడ్లన్నీ స్తంభిస్తాయి, పక్క ఇళ్లవాళ్లు జబ్బుపడతారు, రెండో రన్‌వేకు చోటే మిగలదు. నిజమైన నగరాలకూ దాదాపు ఇదే జరిగింది. బెంగళూరు, చెన్నై, ముంబై నగరాల్లో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలు దీన్ని కళ్లారా చూశాయి. అందుకే ఆటలోని పద్ధతిని ఈ నగరాల అనుభవంతో కలిపి ఇక్కడ వివరిస్తున్నాం. ఆటలో తెలుగు భాష లేదు కాబట్టి పిల్లలతో కలిసి ఆడే పెద్దలకు తెలిసేలా ఆట మాటల అర్థం కూడా చెబుతూ వెళతాం.

ఆట గురించి నాలుగు మాటలు

సిటీస్: స్కైలైన్స్‌ను ఫిన్లాండ్‌లోని తాంపెరే నగరానికి చెందిన కొలోసల్ ఆర్డర్ సంస్థ తయారు చేసింది. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ ఇంటరాక్టివ్ 2015 మార్చి 10న విడుదల చేసింది. దీనికి ముందు ఈ రకం ఆటలకు పేరు తెచ్చింది సిమ్‌సిటీ. 1989 నాటి మొదటి సిమ్‌సిటీలో విమానాశ్రయం అంటే ఒక చదరపు బొమ్మ, తెచ్చి పెట్టేయడమే. 1993లో వచ్చిన సిమ్‌సిటీ 2000లో ఆటగాడు నేల కేటాయిస్తే, అందులో రన్‌వే, భవనాలు వాటంతట అవే వెలిసేవి.

స్కైలైన్స్‌ మొదటి రూపంలోనూ విమానాశ్రయం ముందే తయారైన ఒకే కట్టడం. 2015లోనే వచ్చిన ఆఫ్టర్ డార్క్ అనే అదనపు భాగంలో అంతర్జాతీయ విమానాశ్రయం చేరింది, అదీ ఒకే కట్టడమే. 2022 జనవరి 25న ఎయిర్‌పోర్ట్స్ అనే అదనపు భాగం వచ్చాక పరిస్థితి మారింది. ఇందులో విమానాశ్రయానికి హద్దులు మనమే గీయాలి. రన్‌వే, టాక్సీవే, టెర్మినల్, విమానాలు నిలిపే చోట్లు అన్నీ విడివిడిగా పెట్టి కలపాలి. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే. 2023 అక్టోబరు 24న కంప్యూటర్లకు వచ్చిన సిటీస్: స్కైలైన్స్‌ 2లో పద్ధతి వేరు. అయినా నేల, రోడ్డు, శబ్దం గురించి ఇక్కడ చెప్పేవి దానిలోనూ పనికొస్తాయి.

ఎంత నేల కావాలి?

ఆటలో నేల టైల్స్‌గా ఉంటుంది. ఒక్కో టైల్ 1.92 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఎకరాల్లో చెప్పాలంటే సుమారు 910. ఒక టైల్‌తో మొదలుపెట్టి, ఊరు పెరిగేకొద్దీ పక్కవి కొనుక్కుంటూ మామూలుగా 9 టైల్స్ దాకా వెళ్లవచ్చు. అంటే మొత్తం దాదాపు 8,200 ఎకరాలు.

ఇప్పుడు నిజమైన విమానాశ్రయాలను ఈ లెక్కలో పెట్టి చూడండి.

- హైదరాబాద్ శంషాబాద్: 5,495 ఎకరాలు. సుమారు 6 టైల్స్.
- బెంగళూరు దేవనహళ్లి: సుమారు 4,000 ఎకరాలు. దాదాపు నాలుగున్నర టైల్స్.
- నవీ ముంబై: 1,160 హెక్టార్లు. మూడు టైల్స్‌ కంటే కాస్త ఎక్కువ.

శంషాబాద్‌ను ఉన్నదున్నట్టు ఆటలోకి తెస్తే ఊరికి మూడు టైల్సే మిగులుతాయి! శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అదొక్కటే రెండు టైల్స్ దాటిపోతుంది. కాబట్టి ఆటలో అసలు కొలతల కోసం పాకులాడకండి. రన్‌వే చిన్నదైనా విమానాలు దిగుతాయి. ఒక పూర్తి టైల్‌ను విమానాశ్రయానికి వదిలితే మంచిది. వీలైతే దాని పక్క టైల్‌లో సగం కూడా ఖాళీగా ఉంచుకోండి.

ఈ ఖాళీయే అన్నిటికంటే ముఖ్యం. శంషాబాద్ 2008 మార్చిలో తెరుచుకున్నప్పుడు ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడేలా కట్టారు. తర్వాత అదే ఆవరణలో 3.4 కోట్లకు పెంచగలిగారు. దేవనహళ్లి 2008 మేలో ఒకే రన్‌వేతో మొదలైంది. 2019 డిసెంబరులో రెండో రన్‌వే, 2022 నవంబరులో రెండో టెర్మినల్ అదే ఆవరణలో వచ్చాయి. నేల ముందే చేతిలో ఉండబట్టే ఇదంతా సాధ్యమైంది. అంతకుముందున్న బేగంపేట, బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయాల చుట్టూ ఊరు అల్లుకుపోయింది. పెరగడానికి చోటు లేక 2008లో అక్కడి రోజువారీ ప్రయాణికుల విమానాలు కొత్త చోట్లకు తరలిపోయాయి.

రన్‌వే ఎటువైపు? ఎన్ని?

ఆటలో రన్‌వేను రోడ్డు గీసినట్టే గీయాలి. ఎటు గీసినా పనిచేస్తుంది. గాలిమరలు పెట్టుకోవడానికి ఆటలో గాలి పటం ఉంది గానీ విమానాలు దాన్ని పట్టించుకోవు. నిజంలో రన్‌వే దిశను ముందుగా నిర్ణయించేది గాలే. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. రన్‌వే చివర రాసే అంకె ఆ దిశనే చెబుతుంది. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు. 27 అంటే 270 డిగ్రీలు, పడమర. హైదరాబాద్, బెంగళూరు రన్‌వేలపై కనిపించేవి ఈ అంకెలే. ఆటలోనూ ఇలా ఒక దిశ అనుకుని కడితే విమానాశ్రయం సహజంగా కనిపిస్తుంది. పైగా రెండో రన్‌వే ఎక్కడ రావాలో దానంతట అదే తేలిపోతుంది.

రెండు రన్‌వేలు పెట్టేటప్పుడు ఒకదానిపై ఒకటి అడ్డంగా గీయకండి. ముంబై పాత విమానాశ్రయంలోనూ చెన్నైలోనూ రన్‌వేలు అడ్డంగా కలుసుకుంటాయి. ఒకదానిపై విమానం కదులుతుంటే రెండోది ఆగాలి. రెండున్నా రెండింటి పని జరగదు. సమాంతరంగా ఉంటేనే లాభం. అదీ మరీ దగ్గరగా ఉండకూడదు. రెండు రన్‌వేలపైనా ఒకేసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విమానాలు దిగాలంటే వాటి మధ్య కనీసం 1,035 మీటర్లు ఉండాలని అంతర్జాతీయ నియమం. ఆట లెక్కలో అది సగం టైల్ కంటే కాస్త ఎక్కువ. ఆ మధ్య జాగాయే టెర్మినల్‌కు తగిన చోటు.

టాక్సీవే, స్టాండ్, టెర్మినల్

టాక్సీవే అంటే రన్‌వే నుంచి విమానం నెమ్మదిగా నడిచి వచ్చే దారి. స్టాండ్ అంటే విమానం నిలిచే చోటు. కాన్‌కోర్స్ అంటే టెర్మినల్ నుంచి విమానాల దాకా సాగే పొడవాటి భవనం. రన్‌వే, టాక్సీవే, స్టాండ్ ఒకదానికొకటి తెగకుండా కలిసి ఉండాలి. ఎక్కడ చిన్న ముక్క తెగినా విమానం రాదు. కొత్తవాళ్లు విమానాశ్రయం కట్టి, విమానాలు రావడం లేదని తలపట్టుకునేది ఎక్కువగా ఇందుకే.

మూడు జాగ్రత్తలు తీసుకోండి.

1. రన్‌వే పక్కనే, దాని పొడవునా ఒక టాక్సీవే గీయండి. మధ్యలో రెండు మూడు చోట్ల రన్‌వేతో కలపండి. దిగిన విమానం త్వరగా పక్కకు తప్పుకుంటుంది.
2. స్టాండ్‌లకు వెళ్లే దారి, తిరిగొచ్చే దారి వేరుగా ఉంచండి. ఒకే దారిలో ఎదురెదురుగా వస్తే విమానాలకూ ట్రాఫిక్ జామ్ తప్పదు.
3. సరుకు విమానాల టెర్మినల్‌ను ప్రయాణికుల టెర్మినల్‌కు దూరంగా, పరిశ్రమలున్న వైపు పెట్టండి. లారీలు, టాక్సీలు ఒకే రోడ్డు మీదకు రాకూడదు.

విమానాశ్రయానికి ఆటలో మూడు స్థాయిలున్నాయి. ప్రయాణికుల సంఖ్య, ఆకర్షణ పెరిగితే పై స్థాయి దక్కుతుంది, పెద్ద భవనాలు అందుబాటులోకి వస్తాయి. అందుకే మొదటిరోజే అన్నీ కట్టాలని చూడకండి. చిన్న టెర్మినల్‌ను అంచున పెట్టి, పెద్దదానికి నడిమి చోటు వదలండి. చాలామంది చిన్నదాన్ని తీసుకెళ్లి నడిబొడ్డున పెట్టేసి, తర్వాత కూలగొట్టుకుంటారు.

నీళ్లు, కొండలు

స్కైలైన్స్‌లో నీరు నిజంగానే పారుతుంది. పల్లంలో కట్టిన దానిలోకి వరద వస్తుంది. చెన్నైలో రెండో రన్‌వే అడయారు నది మీద వంతెనలా సాగుతుంది. 2015 డిసెంబరు వరదల్లో ఆ విమానాశ్రయం నీట మునిగి కొన్ని రోజులు మూతపడింది. ఆటలో నది వంపులో చదునైన నేల కనిపిస్తే ఆశపడతాం. ఎందుకు చదునుగా ఉందో ఒక్కసారి ఆలోచించండి.

కొండను చదును చేసే పరికరాలు ఆటలో ఉన్నాయి. తవ్విన మట్టికి లెక్క ఉంటుంది, పల్లం పూడ్చాలంటే ఆ మట్టే వాడాలి. 2025 అక్టోబరు 8న ప్రారంభోత్సవం జరిగిన నవీ ముంబై విమానాశ్రయం కోసం ఉల్వే కొండను తొలిచి, ఆ రాళ్లూ మట్టితో పల్లాన్ని ఎత్తు చేశారు, ఉల్వే నది దారి మళ్లించారు. ఆటలో ఈ పని చేసేటప్పుడు నదికి కొత్త దారి ముందు తవ్వి, తర్వాతే పాత దారి మూయండి. వరుస తప్పితే ఊరు మునుగుతుంది.

రోడ్డు, మెట్రో

విమానాశ్రయం తెరవగానే పర్యాటకులు వస్తారు. వాళ్లంతా ఒకే కూడలిలోంచి ఊళ్లోకి వెళ్లాలంటే ఆ కూడలి పని అయిపోయినట్టే. హైవే నుంచి విమానాశ్రయానికి విడిగా దిగే దారి ఇవ్వండి. ఊరి ప్రధాన వీధిని దానికి కలపకండి. మెట్రో, రైలు, బస్సు స్టేషన్లు విమానాశ్రయం లోపలే పెట్టుకునే వీలు ఎయిర్‌పోర్ట్స్ భాగంలో ఉంది. మెట్రో లైన్ ఇప్పుడే వేయకపోయినా దానికి చోటు వదలండి.

ఆలస్యమైతే ఏమవుతుందో నిజ నగరాలే చెబుతాయి. హైదరాబాద్‌లో 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో, అంటే విమానాశ్రయం తెరిచిన ఏడాదిన్నరకు వచ్చింది. చెన్నై విమానాశ్రయానికి 2016లో మెట్రో చేరింది. దేవనహళ్లికి 2025 ముగిసేదాకా మెట్రో చేరలేదు.

శబ్దం ఎవరి ఇంటి మీద?

ఆటలో శబ్ద కాలుష్యాన్ని చూపే పటం ఉంది. విమానాశ్రయం చుట్టూ అది రంగు మారి కనిపిస్తుంది. ఆ రంగులో ఇళ్లుంటే జనం జబ్బుపడతారు, నేల విలువ పడిపోతుంది. రన్‌వే పక్కన ఆఫీసులు, గోదాములు, చెట్లు ఉంచండి. ఇళ్లు, బడులు, ఆసుపత్రులు దూరంగా పెట్టండి. ఖాళీగా ఉంది కదా అని తర్వాత ఆ నేలను ఇళ్లకు ఇచ్చేయకండి. ఊరు విమానాశ్రయాన్ని మింగేది ఇలాగే.

ఆట లెక్కలోకి రానిది

ఒక విషయం మాత్రం ఆట నేర్పదు. అడ్డొచ్చిన వీధిని బుల్డోజర్ గుర్తుతో ఒక్క నొక్కులో తీసేయవచ్చు. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు ఎవరో, ఎక్కడికి వెళ్లారో ఆట చెప్పదు. నవీ ముంబై విమానాశ్రయానికి పది ఊళ్లు ఖాళీ అయ్యాయి. చెన్నై రెండో విమానాశ్రయం ప్రతిపాదించిన పరందూరు దగ్గర ఏకనాపురం ప్రజలు తమ పొలాలు, చెరువులు పోతాయని 2022 నుంచి నిరసన తెలుపుతున్నారు. విమానాశ్రయం అవసరమా కాదా అన్నది వేరే చర్చ. పిల్లలు ఆటలో ఒక పేట కూలగొట్టబోతుంటే, అందులో ఎన్ని కుటుంబాలున్నాయో ముందు చూడమనండి. ఇంటి మీద నొక్కితే ఆ వివరం కనిపిస్తుంది. ఆ కుటుంబాలకు సరిపడా ఇళ్ల నేల మరోచోట సిద్ధం చేశాకే బుల్డోజర్ వాడాలని ఇంట్లో ఒక నియమం పెట్టుకోవచ్చు. ఆట కాస్త కష్టమవుతుంది గానీ రుచి పెరుగుతుంది.

గుర్తుంచుకోవాల్సిన వరుస

1. ఊరు చిన్నగా ఉన్నప్పుడే విమానాశ్రయం టైల్‌ను ఎంచి పక్కన పెట్టండి.
2. నీటి దారి, ఎత్తుపల్లాలు చూడండి.
3. ఒక దిశ అనుకుని రెండు సమాంతర రన్‌వేలకు చోటు గీయండి. కట్టేది ఒకటే అయినా సరే.
4. హైవే దారి, మెట్రో జాగా ఖాయం చేయండి.
5. మొదటి రన్‌వే, టాక్సీవే, చిన్న టెర్మినల్ కట్టండి.
6. పెద్ద మార్పు చేసే ప్రతిసారీ ఆటను వేరే పేరుతో దాచుకోండి.

డబ్బు గురించి బెంగ వద్దనుకుంటే, కంప్యూటర్‌లో ఆడేవారికి ఆటతోపాటే వచ్చే అపరిమిత డబ్బు సదుపాయం ఉంది. మొదటి విమానాశ్రయాన్ని దానితో కట్టి చూసి, రెండోది సొంత ఖజానాతో కట్టండి. మొదటిసారి ఎక్కడ చోటు చాలలేదో రెండోసారికి మీకే తెలిసిపోతుంది.