తాత పేరు మనవడికి, మరి అవ్వ పేరు?

మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మనవడికి తాత పేరు, మనవరాలికి అవ్వ పేరు పెట్టడం పాత అలవాటు. పెద్దాయన పోయినంక మగపిల్లాడు పుడితే "మా నాయనే మళ్ల వచ్చిండు" అనుకుంటారు. అందుకే ఒక తరం విడిచి ఇంకో తరంలో అదే పేరు మళ్లీ కనిపిస్తుంది. వంశం వరుస వెతికేవాళ్లకు ఇది మంచి దారి.

రాజుల ఇళ్లల్లోనూ ఇదే పద్ధతి. కాకతీయుల్లో బేతరాజు కొడుకు ప్రోలరాజు, ఆయన కొడుకు మళ్లీ బేతరాజు, ఆయన కొడుకు మళ్లీ ప్రోలరాజు. మన పాలమూరు గోన వంశంలోనూ అంతే. గోన బుద్ధారెడ్డి తన తండ్రి విఠలుని పేరు మీద రంగనాథ రామాయణం చెప్పాడు. ఉత్తరకాండను ఆయన కొడుకులు తమ తండ్రి బుద్ధారెడ్డి పేరు మీద పూర్తిచేశారు. ఆ కొడుకుల్లో ఒకరి పేరు విఠలుడు. తాత పేరే మనవడికి!

ఇక మన ఇళ్లకు వద్దాం. పేర్లు వెతికేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. మామ పేరు కోడలు నోటితో పలకకూడదంటారు కదా. మరి ఆ పేరు కొడుక్కు పెడితే పిలిచేదెట్లా? అందుకే చిన్నా, బాబు, తాత అని పిలుస్తారు. చివరికి ఊరంతా ఎరిగింది ఆ పిలుపే, కాగితాల్లో ఉన్నది వేరే పేరు. రెండోది మొక్కు పేర్లు. యాదగిరిగుట్టకు మొక్కితే యాదయ్య, యాదమ్మ. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే సైదులు, సైదమ్మ. కురుమూర్తి స్వామికి మొక్కితే కురుమయ్య. ఇట్లాంటి పేర్లు ఊరికి పదిమందికి ఉంటాయి. కాబట్టి పేరొక్కటే చూస్తే చాలదు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కూడా కలవాలి.

మగవాళ్లకైతే ఇవన్నీ దొరుకుతాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తీయిస్తే పట్టాదారు పేరు, పక్కన అతని తండ్రి పేరు ఉంటాయి. అంటే ఒక్క కాగితంలోనే రెండు తరాలు. ఆడవాళ్ల పేరు రావాలంటే వాళ్ల పేరు మీద భూమి ఉండాలి. మా ఇంట్లో ముత్తాత పేరు పాత కాగితాల్లో ఉంది. ఆయనకు అన్నం వండి పెట్టి, పిల్లలను కని పెంచిన ముత్తవ్వ పేరు ఏ కాగితంలోనూ లేదు.

నిజానికి ఆడవాళ్ల పేరు ఇంకో సంగతి చెబుతుంది. మగవాళ్ల పేరు ఒకే ఇంటిపేరులో తిరుగుతుంది. ఆడపిల్ల అమ్మమ్మ పేరు పెట్టుకుంటే ఆ పేరు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతుంది. ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి వచ్చింది, మేనరికాలు ఎక్కడ కలిశాయి అన్నది ఆ పేరు వెంట నడిస్తేనే తెలుస్తుంది. అది పోతే సగం చుట్టరికం పోయినట్టే.

పేరు నిలబెట్టిన ఆడవాళ్లు మనకు లేకపోలేదు. గోన బుద్ధారెడ్డి బిడ్డ కుప్పాంబిక 1276లో బూదపురంలో, అంటే ఇప్పటి భూత్పూర్‌లో, శాసనం వేయించింది. ఆమె ఎవరి బిడ్డో, మల్యాల గుండయ్య భార్య అనీ ఈనాటికీ మనకు తెలుసు. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ బయ్యారంలో చెరువు తవ్వించింది. కాకతీయుల తొలి తాతల వరుస మనకు వివరంగా తెలిసింది ఆ ఆడపడుచు వేయించిన చెరువు శాసనంతోనే.

మనం రాయి చెక్కించనక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. ఈసారి పెళ్లికో పండక్కో పుట్టింటికి పోయినప్పుడు ముసలివాళ్ల పక్కన కూర్చోండి. అవ్వ పేరు, ఆమె తల్లి పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, అసలు పేరుతో పాటు పిలిచే పేరు, ఈ ఐదూ అడిగి రాసుకోండి. అత్తగారి వైపు కూడా ఇట్లాగే రాయండి. ఎనభై దాటినవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం పండక్కి ఆగొద్దు, ఈ రోజే ఫోన్ చేయండి.