ఎర్రగడ్డకు ఇవతల

మా ఇళ్లల్లో మనసుకు జబ్బు చేయదు. నజర్ తగులుతుంది. సాయా పడుతుంది. షైతాన్ వస్వాసా పెడతాడు. ఆడవాళ్లకైతే దిల్ ఘబ్రాయిస్తుంది. మగవాళ్లకు అదీ లేదు, ఉన్నదంతా కోపమే. వీటన్నిటికీ తావీజులున్నాయి, దమ్ చేసిన నీళ్లున్నాయి, జుమ్మేరాత్ నాడు దర్గా ఉంది. అన్నీ అయ్యాక మిగిలేది ఒకే మాట, ఎర్రగడ్డ.

జంటనగరాల్లో ఆ పేరు తిట్టయి కూర్చుంది. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉన్న పిచ్చాసుపత్రి 1953లో అక్కడికి వచ్చింది. అప్పట్నుంచి సికింద్రాబాదులో ఎవరికి నాలుగు రాత్రులు నిద్ర పట్టకపోయినా ఇంటిల్లిపాదికీ అదే గుర్తొచ్చి గుండె జారుతుంది. తావీజుకూ ఎర్రగడ్డకూ నడుమ ఇంకో తలుపుందని, అక్కడ మన మాట వినడాన్నే వైద్యంగా చదువుకున్న మనిషి కూర్చుని ఉంటారని మాకెవరు చెప్పారు?

అది తెల్లోళ్ల వైద్యం, ఈమాన్ గట్టిగా ఉంటే ఎందుకదంతా అంటారు మా పెద్దలు. 934లో చనిపోయిన అబూ జైద్ అల్ బల్ఖీ ఈమాన్ తక్కువ మనిషేం కాదు. ఒంటికీ మనసుకూ కలిపి ఒక గ్రంథం రాశాడాయన. హకీములు ఒంటిని చూసి మనసును వదిలేస్తున్నారని నొచ్చుకున్నాడు. కోపం, భయం, దుఃఖం, వస్వాసా - వేటికవి విడదీసి దేనికేం చేయాలో చెప్పాడు. ఆపదకని ఇంట్లో మందులు దాచుకున్నట్టే మనసు బాగున్నప్పుడే మంచి ఆలోచనలు కూడబెట్టుకొమ్మన్నాడు. వస్వాసా అనే మాటను మేం దాచుకున్నాం, దాని వైద్యాన్ని పారేసుకున్నాం.

ఇక మా ఊరు. 1806లో సికందర్ జా పేరు పెట్టుకుని, ఇంగ్లీషు ఫౌజు చుట్టూ పెరిగిన ఊరు. ఖాన్సామాలుగా, దర్జీలుగా, బిస్తీలుగా, తర్వాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కూలీలుగా మావాళ్లు దీన్ని మోశారు. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకుంది ఇక్కడే. ఒంటి జ్వరానికి కారణం దొరికిన ఊళ్లో మనసు జ్వరానికి కారణం వెతికినవాళ్లు లేరు.

వెతికితే 1948 దగ్గర ఆగాల్సి వచ్చేది. పోలీస్ యాక్షన్ వేళ చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. చావుల లెక్కయినా ఎక్కడో ఉంది. బతికినవాళ్లు ఎలా బతికారో ఎవరడిగారు? మా నానమ్మలు ఆ రెండు మాటల్ని గొంతు తగ్గించి అనేవాళ్లు. రాత్రి ఎవరు తలుపు కొట్టినా ముందు దీపం ఆర్పేవాళ్లు. అది వాళ్ల అలవాటనుకుంటూ పెరిగాం, మాకూ వచ్చింది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పట్టుకుపోయిన మా కుర్రాళ్లు నిర్దోషులై వచ్చారు. 2012లో ప్రభుత్వం పరిహారం చెక్కులిచ్చింది, మరుసటి ఏడు హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఈ ఇచ్చుడు గుంజుకునుడు మధ్య, నీకు నిద్ర పడుతోందా బేటా అని అడిగిన కాగితం ఒక్కటి లేదు.

ఇక్కడే మాలో మాకు వాదన వస్తుంది. కారణం ఉన్న భయం జబ్బెలా అవుతుంది? వీధిని బాగు చేయకుండా మమ్మల్ని బాగు చేస్తామంటే ఎట్లా? మాలో కొందరు ఆ మాట మీదే ఏళ్లకేళ్లు వెళ్లలేదు. మేమూ అదే అన్నాం. కానీ విరిగిన చేయికి కట్టు కట్టించుకున్నంత మాత్రాన లాఠీని క్షమించినట్టు కాదు కదా. నిద్ర, తిండి, పని, పిల్లల మీద చేయి లేవడం - వీటిల్లో ఏది చెడినా, వారాల తరబడి కుదుటపడకపోయినా వెళ్లాల్సిందే. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే. 1997లో సికింద్రాబాదులోనే పుట్టిన రోష్నీ సంస్థలో పేరు అడగకుండా ఫోన్లో వింటారు. 2022 నుంచి ప్రభుత్వ టెలీ మానస్ ఉంది, 14416కు ఖర్చు లేదు. గాంధీ ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది.

వెళ్తే ఏమవుతుంది? మొదటిరోజు దాదాపు అన్నీ ప్రశ్నలే. ముప్పావు గంటో, ఇంకాస్తో. మందులు రాసేది సైకియాట్రిస్టు. మాటలతో పని చేసేది సైకాలజిస్టు, క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి, అడగొచ్చు. వాళ్లు సలహాలు చెప్పరు, తీర్పులూ చెప్పరు. మొదటి వారాల్లో బరువు తగ్గడం అటుంచి పెరిగినట్టనిపిస్తుంది, మూత తీసిన డేగ్చీలా. మా పేర్లు రిజిస్టర్లో ఎక్కితే ఎక్కడికి పోతాయోనన్న భయం మాకు ఎక్కువ. 2018లో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ఆ రహస్యాన్ని రోగి హక్కు చేసింది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటివి మినహాయింపులు. వాటి గురించి మొదటే అడిగి తెలుసుకోవాలి.

మనిషి కుదరకపోవచ్చు కూడా. మాలో ఒకామె వెళ్తే, బుర్ఖా చూడగానే మొదటి ప్రశ్న, మీ ఆయనకు ఇంకో భార్య ఉందా అని. ఆమె లేచి వచ్చేసింది. ఆరు నెలలు ఇంకెవరి దగ్గరకూ పోలేదు. తర్వాత వేరే ఆమె దొరికింది, నమాజ్ వేళ తప్పించి సమయం ఇస్తుంది, దక్కనీలో మాట్లాడినా అర్థం చేసుకుంటుంది.

ఇంట్లో ఏం చెప్పి వెళ్లాలి? బీపీ చూపించుకోవడానికని చెప్పి వెళ్తోందామె, గురువారం గురువారం. అత్త అడిగితే, కొంచెం తగ్గింది అమ్మీజాన్ అంటుంది.