ఉగ్గుగిన్నెలో ఏం పోశారు?

కోనసీమలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చిందంటే అటక మీంచి దిగే సామానులో ఉగ్గుగిన్నె ఒకటి. అరచేతిలో ఇమిడే గిన్నె, ఒక పక్కన సన్నని ముక్కు. కలిగినవారికి వెండిది, మిగతావారికి ఇత్తడిదో కంచుదో. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరం వశిష్ఠ గోదావరికి అవతలే ఉంది.

గిన్నె మంచిదే. అందులో పోసినదాని గురించే మాట్లాడుకోవాలి. చంటిబిడ్డ పొట్ట శుభ్రపడాలని తల్లిపాలలో ఆముదం రంగరించి పట్టేవారు. అదే ఉగ్గు. మాటలు తొందరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించేవారు. ఇంతకన్నా బాధ కలిగించేది మొదటి మూడు రోజుల సంగతి. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలు బిడ్డకు పడవని చాలా ఇళ్లలో పిండి పారబోసేవారు. బదులుగా తేనో, పంచదార నీళ్లో గిన్నెతో పోసేవారు. అదే ఇంటి పాకలో గేదె ఈనితే దూడను ముర్రు తాగనిచ్చాకే మిగిలింది జున్నుకు పితికేవారు. దూడకు దక్కిన ఆ పాలు బిడ్డకు దక్కలేదు.

మంత్రసానిని తిట్టి లాభం లేదు. మద్రాసు ఎగ్మోరులో ప్రసూతి ఆస్పత్రి 1844లోనే వెలిసింది. ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే వైద్యుడు ఆంగ్లంలోని ఒక మంత్రసానితనం పుస్తకాన్ని తెలుగులోకీ తర్జుమా చేయించాడు. చదువు రాని మంత్రసానికి ఆ పుస్తకం ఏం పనికొస్తుంది? లంక గ్రామాల్లో నొప్పులొస్తే పడవ ఎక్కాలి, లేదా రేవులో పంటు కోసం కాచుకోవాలి. ఎదురులంక, యానాం మధ్య వంతెన 2002కి గాని రాలేదు. పక్కింటి అనుభవజ్ఞురాలే అప్పటి వైద్యం.

దొరల దేశం మెరుగనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో పొడవాటి రబ్బరు గొట్టం తగిలించిన పాలసీసాలు వాడేవారు. గొట్టం లోపల కడగడం కుదరక, క్రిములు పెరిగి ఎందరో పసివాళ్లు పోయారు. నోరు తెరిచి ఉన్న మన గిన్నెను బూడిదతో తోమి, మరిగే నీళ్లలో వేస్తే చాలు.

ముర్రుపాలలో రోగాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు, ఎ విటమిను దండిగా ఉంటాయి. మొదటి రోజు బిడ్డ విడతకు ఒకటి రెండు చెంచాలకు మించి తాగదు గనక ఆ కొంచెమే చాలు. ఆముదం పొరబోయి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. తేనె ఏడాది నిండేదాకా వద్దు.

‘దీనికి పాలు చాలవు’ అన్న మాట మరో అన్యాయం. పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ 1950లలో పేద తల్లుల పాలు కొలిచి చూశారు. చాలీచాలని తిండితోనూ వాళ్లు నెలల తరబడి ఆశ్చర్యపడేంత పాలిస్తున్నారని తేలింది. ఆ భారం తల్లి ఒంటి మీదే పడుతుంది గనక బాలింతను పథ్యం పేరుతో మాడ్చడం మానాలి. పాలు చాలవన్న భయం మీదే డబ్బాపాల వ్యాపారం పెరిగింది. 1992 చట్టం ఆ ప్రకటనలను నిషేధించి, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ కూడా వేయకూడదంది.

ఇప్పుడు పురుళ్లన్నీ దాదాపు ఆస్పత్రుల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. తల్లి థియేటర్లో ఉండగా బిడ్డ అమ్మమ్మ చేతికొస్తుంది, ‘ఏదో ఒకటి పట్టండి’ అనే చుట్టాలూ ఉంటారు. నడుముకి మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. నర్సు సాయం పడితే గంటలోపే రొమ్ము పట్టించవచ్చు.

నెలలు నిండక పుట్టి, రొమ్ము పట్టే శక్తి లేని పిల్లల దగ్గర ఉగ్గుగిన్నెకు మళ్లీ పని దొరికింది. నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల్లో తల్లి పిండిన పాలను దానితోనే పడుతున్నారు. గిన్నెతో పిల్లలు తక్కువ సమయంలో ఎక్కువ పాలు తాగారని మన దేశపు వైద్యుల అధ్యయనం ఒకటి 1999లో అచ్చయింది. బిడ్డ తల ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కును పెదవి మూలకు ఆనించి, మింగిందని చూసుకుంటూ కొద్దికొద్దిగా పోయాలి. పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి. ఆరు నెలలు నిండేవరకు వాటిలో చుక్క నీరు కూడా కలపనక్కర్లేదు, మన ఎండాకాలంలోనైనా సరే.